స్కిజోఫ్రీనియా: మందులు సరిగ్గానే వేసుకుంటున్నాడు, రాత్రి నిద్ర మాత్రం పూర్తిగా పోయింది

శైలజ_ఖమ్మం
అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. వయసు 24. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉండగా స్కిజోఫ్రీనియా అని తేల్చారు. మందులు మొదలుపెట్టాక బాగా తేరుకున్నాడు. పక్కింటివాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం పోయింది. అందరితో కూర్చుని అన్నం తింటున్నాడు, నాన్నతో షాపుకి కూడా వెళ్తున్నాడు. మాత్రలు అమ్మ దగ్గరుండి వేయిస్తుంది, మానేశాడేమో అనుకోడానికి లేదు.

ఈమధ్య నిద్ర తలకిందులైంది. తెల్లవారుజామున నాలుగింటి దాకా డాబా మీద పచార్లు, చేతిలో ఫోను. ఆ తర్వాత పడుకుని మధ్యాహ్నం భోజనాల వేళకి లేస్తాడు. అమ్మేమో "వాడికేం డ్యూటీ ఉందా, పడుకోనీ" అంటుంది. నాన్న ఫోన్ లాక్కుంటే అదే సర్దుకుంటుంది అంటారు. నాకు భయంగా ఉంది. మొదటిసారి జబ్బు బయటపడే ముందు కూడా ఇలాగే రాత్రిళ్ళు మేలుకుని ఉండేవాడు.

జబ్బు తిరగబెడుతోందా, లేక ఫోన్ అలవాటా? డాక్టరు రమ్మన్న తేదీకి ఇంకా మూడు వారాలుంది. ఆగొచ్చా?

రమణయ్య_నెల్లూరు
ఆగొద్దమ్మా. మా అబ్బాయిది పదేళ్ళ పైమాట. మా ఇంట్లో ఎప్పుడూ అదే వరస. ముందు నిద్ర పోతుంది, తర్వాత స్నానం మానేస్తాడు, ఆ తర్వాత మనతో మాట. మాట దాకా వచ్చిందంటే ఇక అడ్మిషనే. రాత్రి రెండింటికి గేటు గడియ చప్పుడైతే చాలు, నేనూ మా ఆవిడా ఇద్దరం లేచి కూర్చుంటాం. రేపే ఫోన్ చేసి ముందుగా చూపించుకోండి. అవసరమైతే ఒక నిద్రమాత్ర రాయించుకోండి.

గచ్చిబౌలి_గబ్బిలం
శైలజ గారూ, మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలి. ఒక డౌటు, తప్పుగా అనుకోకండి. నాది అమెరికా క్లయింట్ షిఫ్టు. సాయంత్రం ఆరింటికి క్యాబ్, పొద్దున నాలుగింటికి ఇల్లు. ఏళ్ళ తరబడి ఇదే బతుకు. నిద్ర లేకపోతే ఈ జబ్బు వస్తుందంటే మా ఫ్లోరు మొత్తాన్ని ఎర్రగడ్డకి పంపాల్సిందే కదా 😅

మందుల_డబ్బా
ఎర్రగడ్డ జోకు ఇక్కడ వద్దు బ్రదర్. అక్కడ అడ్మిట్ అయి వచ్చినవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు, నాతో సహా.

గచ్చిబౌలి_గబ్బిలం
సారీ అన్నా. నోటి అలవాటు. డౌటు మాత్రం నిజమే.

రాత్రిడ్యూటీ_పీజీ
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ఇక్కడ నేను చెప్పేది మీ డాక్టరు మాటకి బదులు కాదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు శైలజ గారి అమ్మగారి మాట. "డ్యూటీ లేదు కాబట్టి లేటుగా లేస్తున్నాడు" అని చాలా ఇళ్ళలో అంటారు. నిజానికి డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన కథరీనా వుల్ఫ్, రసెల్ ఫోస్టర్ బృందం 2012లో దీన్నే పరీక్షకి పెట్టింది. మందుల మీద నిలకడగా ఉన్న 20 మంది స్కిజోఫ్రీనియా పేషెంట్లకు, ఏ జబ్బూ లేని 21 మందికి కదలికలు నమోదు చేసే వాచీలు కట్టి ఆరు వారాలు గమనించారు. ఇందులో తెలివైన పని ఏమిటంటే, ఆ 21 మందీ నిరుద్యోగులే. అంటే వాళ్ళకీ పొద్దున్నే లేచి పరుగెత్తాల్సిన పని లేదు. అయినా వాళ్ళ నిద్ర దాదాపు ఒక పద్ధతిలోనే ఉంది. పేషెంట్లు 20 మందిలోనూ ఏదో ఒక తేడా కనిపించింది. సగం మందికైతే ఒంట్లోని గడియారమే గాడి తప్పింది. కొందరికి నిద్రవేళ రోజురోజుకీ ఆలస్యమవుతూ పోయింది, చీకటి పడిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ తయారయ్యే వేళ కూడా రాత్రితో కలవలేదు. కాబట్టి దీన్ని బద్ధకం ఖాతాలో వేయలేం.

గబ్బిలం గారి డౌటుకి: నిద్ర లేకపోతే ఎవరికైనా మెదడు తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది. 1964లో రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ అమెరికన్ కుర్రాడు సైన్సు ప్రాజెక్టు కోసం 264 గంటలు, అంటే 11 రోజులు మేలుకున్నాడు. నాలుగో రోజుకల్లా వీధిలో ఉన్న బోర్డుని మనిషి అనుకున్నాడు, తనే ఒక పేరున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ణి అనుకున్నాడు. చివర్లో సుమారు 14 గంటలు పడుకుని లేచాక తేరుకున్నాడు. స్కిజోఫ్రీనియా రాలేదు. ఇలాంటి 21 పరిశోధనలను కలిపి 2018లో ఒక సమీక్ష వచ్చింది. మేలుకున్న గంటలు పెరిగేకొద్దీ ముందు చూపులో తేడాలు, తర్వాత లేనివి కనబడటం, చివరికి సైకోసిస్‌ని (ఏది నిజమో ఏది భ్రమో తెలియకపోవడం) పోలిన స్థితి వస్తాయని, చాలావరకు నిద్రతో పోతాయని అందులో తేలింది. అదే ఏడు 68 మంది ఆరోగ్యవంతులను మూడు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ఆ కొంచెం తగ్గుదలకే అనుమానాలు, లేనివి వినబడినట్టు అనిపించడం పెరిగాయి.

అంటే నిద్రలేమి ఒక్కటే ఈ జబ్బుని తెచ్చిపెట్టదు. జన్యువులు, పెరిగిన పరిస్థితులు, గంజాయి లాంటివి చాలా కలవాలి. కానీ జబ్బు వచ్చే స్వభావం ఉన్న మనిషికి, వచ్చి నెమ్మదించిన మనిషికి నిద్ర కరువవడం పెద్ద దెబ్బ. పైగా ఇది రెండు వైపులా నడుస్తుంది: అనుమానాల వల్ల నిద్ర పట్టదు, నిద్ర పట్టక అనుమానాలు పెరుగుతాయి. కోడి ముందా గుడ్డు ముందా అని తేల్చుకునేదాకా వైద్యం ఆపనక్కర్లేదు. నిద్రని విడిగా ఒక సమస్యగా తీసుకుని చూడాలి. ఓపీలో మేమే "నిద్ర పడుతోందా?" అని ఒక్క ముక్క అడిగి, పేషెంటు తలూపగానే తర్వాతి ప్రశ్నకి పోతాం. ఇది నాకు మా డిపార్ట్‌మెంట్ మీద ఉన్న ఫిర్యాదు.

శైలజ గారూ, మీరు రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, ఈమధ్య మందేమైనా మార్చారా? రెండు, ఆ పచార్లు ఎలాంటివి? నిద్ర రాక ఊరికే తిరుగుతున్నాడా, లేక కూర్చోవాలన్నా కూర్చోలేక తిరుగుతున్నాడా? ఈ తేడా తనని అడిగితేనే తెలుస్తుంది.

సహజజీవనం
అన్నిటికీ మూలం ఆ ఇంగ్లీషు మందులే. మా బంధువొకరు అన్నీ మానేసి అశ్వగంధ, తలకి నువ్వుల నూనె మర్దనా మొదలుపెట్టారు. పసిపిల్లలా నిద్రపోతున్నారు. ముందు ఆ విషాలు ఆపండి.

నిర్వాహకులు
సహజజీవనం గారూ, తలకి నూనె పెట్టుకోమనండి, ఎవరికీ అభ్యంతరం లేదు. డాక్టరు రాసిన మందు ఆపమని ఇక్కడ రాయకూడదు. ఇంకోసారి రాస్తే పోస్టు తీసేస్తాం.

మందుల_డబ్బా
నేను పేషెంటుని. విజయవాడలో ఉంటాను. బయటినుంచి చూసేవాళ్ళకి తెలియని సంగతి ఒకటి చెప్తాను.

రాత్రి మేలుకోవడంలో నాకు ఒక సుఖం ఉండేది. పగలంతా జనం. ఎవరో ఒకరు చూస్తుంటారు, "ఏం చేస్తున్నావ్ బాబూ ఇప్పుడు" అంటారు. రాత్రి పన్నెండు దాటాక వీధి ఖాళీ, ఇల్లు నిశ్శబ్దం, ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. అందుకే తెల్లార్లూ మేలుకుని పగలు దుప్పటి కప్పుకునేవాణ్ణి. కానీ ఆ నిశ్శబ్దంలోనే మాటలు ఎక్కువ వినబడతాయి. పగలు బండ్ల హారన్లలో కలిసిపోయే గొంతు రాత్రి ఫ్యాను తిరిగే చప్పుడులోంచి పేరు పెట్టి పిలుస్తుంది. ఫోన్లో పాటలు పెట్టుకునేది అది వినబడకుండా ఉండటానికి. మా నాన్న కూడా ఫోన్ లాక్కున్నారు. ఇక ఆ రాత్రి నా పరిస్థితి చెప్పక్కర్లేదు.

కాబట్టి అక్కా, ఫోన్ లాక్కునే ముందు తమ్ముణ్ణి ఒక మాట అడగండి, "అది చెవిలో పెట్టుకోకపోతే ఏమవుతుంది?" అని.

గచ్చిబౌలి_గబ్బిలం
ఇది చదివాక ఏం రాయాలో తెలియట్లేదు అన్నా. పీజీ గారూ, ఇంకోటి అడుగుతా. కలలే మెలకువలో రావడమే ఈ జబ్బు అని ఎక్కడో చదివాను. నిజమేనా?

రాత్రిడ్యూటీ_పీజీ
పాత ఊహ. వినడానికి బాగుంటుంది కాబట్టి చావలేదు. నిద్ర పరిశోధకుడు విలియం డిమెంట్ 1955లోనే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళు నిద్రలో ఉండగా, కలల వేళ కనిపించే కళ్ళ కదలికలు నమోదు చేసి చూశారు. కలల నిద్ర వాళ్ళకీ మామూలుగానే వస్తోంది, పగటిలోకి ఒలికిపోవడం లేదు. (రాండీ గార్డ్‌నర్ని దగ్గరుండి గమనించింది కూడా ఈయనే.)

అసలు తేడా మరోచోట దొరికింది. కలలు లేని నిద్రలో మెదడు విద్యుత్తు అప్పుడప్పుడు అర సెకనో, రెండు సెకన్లో చకచకా ఊగి ఆగుతుంది. వీటిని స్లీప్ స్పిండిల్స్ అంటారు. మెదడు మధ్యలోని థలామస్ నుంచి పుడతాయి. పగలు నేర్చుకున్నది గట్టిపడటానికి ఇవి పనికొస్తాయి. స్కిజోఫ్రీనియాలో ఇవి బాగా తగ్గుతాయని 2007లో ఫెరరెల్లి, టొనోని బృందం చూపించింది. తర్వాత ఇంకా మందు మొదలుపెట్టని పేషెంట్లలోనూ తగ్గుదల కనబడింది, జబ్బు లేని తోబుట్టువుల్లో కూడా కొంత. కాబట్టి సహజజీవనం గారూ, ఇది మందులు తెచ్చిన తేడా కాదు.

రమణయ్య గారు చెప్పిన నిద్రమాత్ర గురించి కూడా ఇక్కడే చెప్తాను. ఎస్జోపిక్లోన్ అనే నిద్రమాత్రతో ఈ స్పిండిల్స్ సంఖ్య పెరిగింది గానీ, దొంగమాత్ర (మందు లేని ఉత్తి మాత్ర) వేసుకున్నవాళ్ళకన్నా జ్ఞాపకం మెరుగైందని తేలలేదు. నిద్రమాత్ర అస్సలు వద్దని కాదు. నాలుగు రోజులు గండం గట్టెక్కడానికి మేమే రాస్తాం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడమే ప్రమాదం.

డాలస్_మాధవి
ఇక్కడ కౌన్సెలింగ్ రంగంలో పనిచేస్తున్నాను. మాత్ర లేకుండా, ఆలోచనలూ అలవాట్లూ మార్చి నిద్రకి చేసే వైద్యం ఉంది, సీబీటీ అంటారు. డేనియల్ ఫ్రీమన్ బృందం బ్రిటన్‌లోని 26 యూనివర్సిటీల్లో 3,755 మంది విద్యార్థులతో ఆన్‌లైన్‌లో చేయించింది, 2017లో ఫలితాలొచ్చాయి. నిద్ర బాగుపడింది, దానితోపాటు అనుమానాలు, భ్రమలు కూడా కొంచెం తగ్గాయి. అయితే వాళ్ళు పేషెంట్లు కాదు. అంతకుముందు 2015లో భ్రమలు వదలని 50 మంది పేషెంట్లతో చేసిన చిన్న ప్రయోగంలో, ఈ వైద్యం తీసుకున్న ప్రతి ఐదుగురిలో ఇద్దరికి నిద్రలేమి పూర్తిగా పోయింది. భ్రమలు తగ్గాయా అంటే మాత్రం గట్టిగా చెప్పలేకపోయారు. నన్నడిగితే అంత చాలు. నిద్ర పట్టడం కూడా సుఖమే కదా, దానికి వేరే లాభం చూపించాలా?

ఇంట్లో మొదలుపెట్టగలిగేవి: పడుకునే వేళ కన్నా లేచే వేళ ముందు స్థిరం చేయండి. లేవగానే ఎండలోకి తీసుకురండి. పగలంతా మంచం మీదే ఉండనివ్వకండి, భోజనం, టీవీ మంచం మీద వద్దు. మధ్యాహ్నం తర్వాత టీ కాఫీలు తగ్గించండి. మంచం మీద గడిపే గంటలు బాగా కోసేసే పద్ధతి ఒకటి యూట్యూబ్‌లో చెప్తుంటారు, అది మాత్రం సొంతంగా చేయించకండి. నిద్ర మరీ తగ్గితే మనవాళ్ళకి జబ్బు రేగుతుంది.

రమణయ్య_నెల్లూరు
మా వాడిది రివర్సు. ఇప్పుడు రాత్రి పది గంటలు పడుకుంటాడు, పగలు కూడా తూగుతూనే ఉంటాడు. మందు వల్లే అని వదిలేశాం. బాగా లావయ్యాడు. గురక పక్క గదిలోకి వినబడుతుంది, మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి మళ్ళీ గట్టిగా మొదలవుతుంది.

రాత్రిడ్యూటీ_పీజీ
రమణయ్య గారూ, గురక ఆగి మళ్ళీ మొదలవుతోందంటే ఊపిరి ఆగుతోందేమో చూడాలి. స్లీప్ ఆప్నియా అంటారు. ఒలాంజపైన్, క్లోజపైన్ లాంటి మందులతో బరువు పెరిగినవాళ్ళలో ఇది చాలామందికి ఉంటుంది, మేము మందు మత్తే అనుకుని వదిలేస్తుంటాం. ఎన్ని గంటలు పడుకున్నా అది నిద్ర కాదు. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరినీ మిగతావాటినీ నమోదు చేసే పరీక్ష) చేయించండి. ఆ లోపు నిద్రమాత్రలు మాత్రం వద్దు, ఊపిరి ఇంకా మందగించొచ్చు. మీ ఫోన్లో ఆ గురకని ఒక రాత్రి వీడియో తీసి డాక్టరుకి చూపించండి, వంద మాటలు చెప్పక్కర్లేదు.

శైలజ_ఖమ్మం
పీజీ గారూ, మందు మార్చారు. నేను రాయనేలేదు. బరువు పెరిగాడని పోయినసారి వెళ్ళినప్పుడు ఒలాంజపైన్ తగ్గించి అరిపిప్రజోల్ కలిపారు. రెండూ రాత్రి అన్నం తిన్నాక ఒకేసారి వేస్తున్నాం. నిద్ర చెడింది కూడా ఆ తర్వాతే.

మీరు చెప్పినట్టే వాణ్ణి అడిగాను. "కూర్చుంటే లోపల ఎవరో లేపుతున్నట్టు ఉంటుంది, కాళ్ళు ఆగవు, నడుస్తుంటే కొంచెం నయం" అన్నాడు. ఫోన్ గురించి కూడా అడిగాను. గొంతులేం లేవట, క్రికెట్ పాత మ్యాచ్‌లు చూస్తున్నాడట. నిజంగానే అవే ఉన్నాయి. ఎవరో చూస్తున్నారన్న భయం కూడా లేదన్నాడు.

రాత్రిడ్యూటీ_పీజీ
వాడి మాటల్లోనే సగం సమాధానం ఉంది. మందు వల్ల ఒంట్లో కుదురు లేకుండా పోవడాన్ని అకథీసియా అంటారు. అరిపిప్రజోల్‌తో ఇది రావచ్చు, నిద్ర కూడా చెడొచ్చు. అందుకే చాలామందికి ఆ మందుని పొద్దున పూట ఇస్తాం. పైగా మత్తునిచ్చే ఒలాంజపైన్ తగ్గింది. జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. కానీ చూడకుండా నేను ఆ మాట అనలేను, మీరూ అనుకోవద్దు. మాత్ర వేళ మీరే మార్చేయకండి, ఆపకండి. రేపు ఆస్పత్రికి ఫోన్ చేసి ఇవే మాటలు, వాడు అన్నవి అన్నట్టు చెప్పి ముందుగా వెళ్ళండి. అకథీసియా భరించలేక ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ళు ఉంటారు, కాబట్టి మూడు వారాలు ఆగే విషయం కాదు. రాత్రిపూట మరీ ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కులో పడుకున్న వేళ, లేచిన వేళ, మాత్ర వేసిన వేళ, టీలు ఎన్ని అన్నది రాసుకెళ్ళండి. సిగరెట్ ఉంటే అదీ రాయండి.

మందుల_డబ్బా
సిగరెట్ మాట కరెక్టు. నేను క్లోజపైన్ మీద ఉన్నాను. సిగరెట్ పొగ ఆ మందుని ఒంట్లోంచి త్వరగా ఖర్చు చేసేస్తుందని, మానేస్తే రక్తంలో మందు పెరుగుతుందని మా డాక్టరు చెప్పారు. కాబట్టి తాగేవాళ్ళు తగ్గించినా, మానేసినా ముందు డాక్టరుకి చెప్పండి. మంచి పనే కదా అని చెప్పకుండా చేయొద్దు.

శైలజ_ఖమ్మం
అప్డేట్. ఆస్పత్రివాళ్ళు ముందుగానే రమ్మన్నారు. డాక్టరు గారు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నిలబెట్టి, కాళ్ళే చూస్తూ మాట్లాడారు. అకథీసియానే అన్నారు. అరిపిప్రజోల్ డోసు తగ్గించి పొద్దుటికి మార్చారు, కొన్నాళ్ళపాటు వేసుకోమని వేరే మాత్ర ఒకటి ఇచ్చారు. పచార్లు బాగా తగ్గాయి. నిద్ర ఇంకా పూర్తిగా దారికి రాలేదు, ఒంటిగంట అవుతోంది. పొద్దున నాన్న వాకింగ్‌కి లాక్కెళ్తున్నారు, వాడు తిట్టుకుంటూనే వెళ్తున్నాడు. నోటుబుక్కు అమ్మ రాస్తోంది. డాక్టరు గారు ఆ పుస్తకం మొత్తం తిరగేశారు, దాంతో అమ్మకి ఇప్పుడు అది రికార్డు అసిస్టెంట్ ఉద్యోగం అయిపోయింది.

ఇప్పుడు కొత్త పంచాయితీ. నాన్న స్నేహితుడి పెట్రోలు బంకులో నైట్ డ్యూటీ ఖాళీ ఉందట. "ఎలాగూ మేలుకునే ఉంటున్నాడు కదా, నాలుగు డబ్బులొస్తాయి, బుర్ర కూడా తేలికపడుతుంది" అంటున్నారు. వాడికీ చేయాలని ఉంది. ఏమంటారు?

రాత్రిడ్యూటీ_పీజీ
పని చేయడం మంచిది, నైట్ డ్యూటీ వద్దు. దారికి తెస్తున్న నిద్రని మళ్ళీ మనమే చెడగొట్టినట్టవుతుంది. అదే బంకులో పగటి డ్యూటీ అడగండి.

డాలస్_మాధవి
నాదీ అదే మాట. పొద్దున లేవడానికి ఒక కారణం దొరికితే లేచే వేళ దానంతట అదే కుదురుకుంటుంది. మొదట్లో సగం పూట అయినా చాలు.

గచ్చిబౌలి_గబ్బిలం
షిఫ్టుల విషయంలో ఇక్కడ నేనే సీనియర్ని, చెప్తా వినండి. వారం పగలు, వారం రాత్రి అని తిప్పే డ్యూటీ అసలు ఒప్పుకోవద్దు, దానికన్నా పర్మనెంట్ నైటే నయం. "ఇప్పుడు నైట్ చెయ్, తర్వాత డే ఇస్తాం" అంటారు, ఇవ్వరు. మొదటి రోజే తేల్చుకోండి.

మందుల_డబ్బా
నేను జిరాక్స్ షాపులో తొమ్మిది నుంచి రెండు దాకా చేస్తాను. ఓనరుకి నా జబ్బు సంగతి తెలుసు. మొదట్లో పదిన్నరకి వచ్చేవాణ్ణి, ఏమీ అనలేదు, ఆ గంటన్నర జీతం కోసేవాడు. అదీ మంచిదే. బంకు ఆయనకి విషయం చెప్పాలా వద్దా అన్నది తమ్ముడినే అడగండి అక్కా, నాన్న స్నేహితుడు కదా అని ఇంట్లోవాళ్ళే చెప్పేయకండి.

శైలజ_ఖమ్మం
అడిగాను. పగటి డ్యూటీ అయితే వెళ్తాడట, జబ్బు సంగతి తనే చెప్పుకుంటాడట. నాన్న రేపు పొద్దున బంకుకి వెళ్ళి మాట్లాడతానన్నారు. వాడు "నేనూ వస్తా, ఏడింటికి లేపు" అని అమ్మకి చెప్పి ఇప్పుడే పడుకున్నాడు. టైమ్ పన్నెండున్నర. అమ్మ పుస్తకంలో రాసేసింది.